పప్పు ఎవరి కంచంలో ఎంత?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఈ రోజు మాంసకృత్తులను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మాంసకృత్తులంటే మరేమీ కాదు, మన పిల్లలు ప్రోటీన్ ప్రోటీన్ అంటుంటారే, అదే. పేరులో మాంసం వుంది కదా అని శాకాహారులు రేడియో కట్టేయనక్కర్లేదు. మన ఒంట్లో కండనూ, రక్తాన్నీ, చర్మాన్నీ, జుట్టునూ తయారు చేసేదీ, రోజూ అరిగిపోయే భాగాలను మళ్ళీ కట్టుకొచ్చేదీ ఈ పదార్థమే. ఇది పప్పులో వుంది, పాలలో వుంది, గుడ్డులో, చేపలో, మాంసంలో వుంది. బియ్యంలో, గోధుమలో కూడా కొంత వుంది. అంటే మన వంటింట్లో లేని వస్తువేమీ కాదు. వున్న వస్తువు ఎవరి కంచంలోకి ఎంత చేరుతోందన్నదే ఇవాళ్టి ప్రశ్న.

మేముండేది రాయదుర్గంలో. పాత రెవెన్యూ కాగితాల్లో రాయదుర్గం పన్మక్త, రాయదుర్గం నవ్‌ఖల్సా అని కనిపించే ఊరిది. ప్రక్కన మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఈ చుట్టుప్రక్కల రాళ్ళగుట్టల మధ్య అద్దాల మేడలు లేచాయి. 2019 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చేసింది. ఇప్పుడు మా వైపు చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. జిమ్‌కు వెళ్ళే అబ్బాయి కొనుక్కున్న ప్రోటీన్ పౌడరు. వేలకు వేలు పోసి తెచ్చినది. దానికి రెండడుగుల దూరంలోనే కందిపప్పు డబ్బా వుంటుంది. ఆ డబ్బా నెలకెన్నిసార్లు ఖాళీ అవుతోందో చూసుకునే తీరిక మాత్రం ఎవరికీ వుండదు.

రాయదుర్గం స్టేషనులో రైలెక్కి, ఎక్కడా మారకుండా కూర్చుంటే తార్నాకలో దిగవచ్చు. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో తమిళనాడు వైపు కూనూరులో మెకారిసన్ అనే డాక్టరుగారు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకని చిన్నగా మొదలుపెట్టిన ప్రయోగశాల అది. 1958లో మన హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు. మనం తినే ఏ గింజలో ఏముందో దేశానికంతటికీ లెక్క కట్టి చెప్పేది వీళ్ళే. ఇంత పెద్ద సంస్థ మన ఊళ్ళో వుండగా, ఏం తినాలో ఫోనులో ఎవరో కండలు చూపిస్తూ చెబితే వింటున్నాం. చిత్రం కదూ!

ఆ సంస్థవారు 2024 మే నెలలో భారతీయుల ఆహారానికి క్రొత్త సూచనలు ప్రకటించారు. మొత్తం పదిహేడు సూచనలు. మాంసకృత్తులను మంచి ఆహారపదార్థాలు కలిపి తినడం ద్వారానే పొందాలనీ, కండలు పెంచడానికని పౌడర్లు వాడవద్దనీ అందులో ఒక సూచన. ఆ పౌడర్లలో చక్కెరా, తీపి కోసం వేసే ఇతర పదార్థాలూ, సువాసన ద్రవ్యాలూ కలిసివుండవచ్చు. మాంసకృత్తులు మితిమీరి తింటే మూత్రపిండాలకూ ఎముకలకూ మంచిది కాదు. డాక్టరు ప్రత్యేకంగా వ్రాసి ఇచ్చిన వారి సంగతి వేరు. తక్కిన మనకు వంటిల్లు చాలు.

ఎంత కావాలి అంటారా? ఇదే సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా వున్న మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాము. అంటే 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాములు, 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు. ఇది మాంసకృత్తుల తూకం సుమండీ, పప్పు తూకం కాదు. నూరు గ్రాముల కందిపప్పు తీసుకుంటే అందులో మాంసకృత్తులు 22 గ్రాముల దాకా వుంటాయి. పెసరపప్పులో దాదాపు 24, మినప్పప్పులో 23. బియ్యంలో 8, గోధుమపిండిలో పదిన్నర, జొన్నలో 10. కోడిగుడ్డు ఒక్కటి తింటే ఆరు గ్రాములు.

ఇప్పుడు ఒక ఇల్లాలి రోజు తీసుకుని లెక్క వేసి చూద్దాం. కాగితం అక్కర్లేదు, వ్రేళ్ళ మీదే చాలు. ఉదయం కాఫీ, సాయంత్రం టీ, రెంటిలో కలిపి నూటయాభై మిల్లీలీటర్ల పాలు అనుకుందాం, ఐదు గ్రాములు. మూడు ఇడ్లీలు, అల్లప్పచ్చడి, ఆరు గ్రాములు. మధ్యాహ్నం అందరి క్యారియర్లూ వెళ్ళిపోయాక, వాషింగ్ మిషను బట్టలు ఆరేశాక, రెండు గంటలకు అన్నం. నూరు గ్రాముల బియ్యం వండిన అన్నానికి ఎనిమిది. పప్పు ఎంత మిగిలింది? గిన్నె అంచున గరిటెతో గీకితే ఒక చెంచాడు. రెండు గ్రాములు. కూరకు రెండు. పలుచని మజ్జిగకు రెండు. రాత్రి రెండు పుల్కాలకు ఆరు, వాటితో కూరకు మరో రెండు. కూడితే 33. కావలసినది 46. పదమూడు గ్రాములు తక్కువ. వచ్చినదాంట్లో కూడా సగానికి పైగా బియ్యం, గోధుమల నుంచి వచ్చినదే.

ఈ ఇల్లాలు పస్తు వుండలేదు. ఆమె కంచం నిండుగానే వుంది. ఆ ఇంట్లో పప్పు కొనలేని పరిస్థితీ లేదు. అయినా సాయంత్రానికి కాళ్ళు లాగుతున్నాయంటుంది, దువ్వెన నిండా జుట్టు వస్తోందంటుంది. ప్రతిదానికీ పప్పే కారణమని నేననను. రక్తం తక్కువైనా, థైరాయిడ్ వున్నా ఇలాగే వుంటుంది, పరీక్ష చేయించుకోవలసిందే. కాని పరీక్షకు వెళ్ళే లోపల కంచం ఒకసారి చూసుకోవడానికి ఖర్చేముంది?

మా ప్రక్కింటావిడతో ఒకసారి ఈ మాటే అన్నాను. "నాకెందుకండీ వదినగారూ పప్పు, ఆయనకీ పిల్లలకీ ముద్దపప్పు వుండాలి గాని, నేను చారుతో కానిచ్చేస్తాను" అంది. ఆ మాటలో త్యాగమేమీ లేదు, ఊరికే అలవాటు. మన అమ్మలూ అలాగే తిన్నారు, అత్తగార్లూ అలాగే తిన్నారు. కాని చారు నీళ్ళలో పప్పు రంగు వుంటుంది గాని పప్పు వుండదు. పప్పు వుడికించి పైన తేరిన కట్టుతో చేసే కట్టుచారు రుచికి అమృతమే. అది పప్పుకు బదులు మాత్రం కాదు.

ఈ అలవాటు ఎంత గట్టిదో ప్రభుత్వానికీ తెలుసు. తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలుపెట్టినప్పుడు గర్భిణులకూ బాలింతలకూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, రెండు వందల మిల్లీలీటర్ల పాలు ఏర్పాటు చేశారు. వాటిని ఇంటికి పట్టుకుపొమ్మనలేదు. అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చుని తినాలన్నారు. ఇంటికి వెళితే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి చేరుతుందో మనకు తెలియనిది కాదు. మన అపార్టుమెంట్లలో మనల్ని కూర్చోబెట్టి తినిపించే కేంద్రమేదీ లేదు. కాబట్టి ఒక చిన్న పని చెయ్యండి. పప్పు పోపు పెట్టగానే, ఎవరికీ వడ్డించక ముందే, మీ వాటా ఒక చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టండి. మొదట్లో సిగ్గుగా వుంటుంది. "అమ్మా, ఇంకా పప్పుందా?" అని అబ్బాయి అడిగితే లేదు నాయనా అనడం కష్టంగానే వుంటుంది. అందుకని రేపటి నుంచి పప్పే ఒక గుప్పెడు ఎక్కువ పొయ్యండి. చిన్న గుప్పెడు పప్పు పాతిక గ్రాములు తూగుతుంది.

ఇందాకటి పదమూడు గ్రాముల లోటు పూడ్చడం ఎంత తేలికో చూడండి. ఆ గుప్పెడు పప్పుకు ఐదున్నర గ్రాములు. ఒక గుప్పెడు వేయించిన పల్లీలు, ఇరవై గ్రాములు అనుకుంటే, నాలుగున్నర. మజ్జిగకు బదులు ఒక కప్పు గట్టి పెరుగు వేసుకుంటే మరో మూడు. లోటు తీరిపోయింది. ఏ డబ్బా కొన్నాం?

పల్లీల మాట వచ్చింది కనుక ఒక సంగతి. పిల్లల తెలివితేటలకని బాదంపప్పులు నానబెట్టి లెక్కపెట్టి ఇస్తుంటాం. మంచిదే. కాని నూరు గ్రాముల బాదంలో మాంసకృత్తులు 18 వుంటే, పల్లీల్లో 23 పైగా వున్నాయి. ధర తేడా మీకు నేను చెప్పాలా? నూనె గింజ కాబట్టి గుప్పెడితో ఆపాలి, అంతే.

ఇంకొక సంగతి కూడా గృహిణులు తెలుసుకోవాలి. మాంసకృత్తుల్లో చిన్న చిన్న భాగాలుంటాయి. బియ్యం, గోధుమలలో వాటిలో లైసిన్ అనేది తక్కువ. పప్పుల్లో అది పుష్కలం. పప్పుల్లో తక్కువగా వుండే మెథియోనిన్ ధాన్యాల్లో వుంది. రెండూ కలిస్తే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. పప్పన్నం, పులగం, కట్టెపొంగలి, ఇడ్లీ, దోశ, ఇవన్నీ ఈ సూత్రం మీద నడిచేవే. హైదరాబాదులో పొద్దున్నే తినే ఖిచిడీ అంతే. మటనూ, గోధుమా, పప్పులూ కలిపి గంటల తరబడి మెదిపే హలీమ్ కూడా అంతే. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోజూ తినమనడం లేదు, అందులో నెయ్యి సంగతి మీకు తెలుసు!

అయితే కలపడంలో పాళ్ళు ముఖ్యం. ధాన్యం మూడు పాళ్ళుంటే పప్పు ఒక పాలు వుండాలి. 2024 సూచనల్లో రెండు వేల కాలరీలు అవసరమైన మనిషికి రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, పల్లీలు మొదలైన గింజలు 35 గ్రాములు అన్నారు. మాంసాహారులైతే ఆ 85 గ్రాముల్లో కొంత భాగానికి గుడ్డో, చేపో, కోడికూరో వేసుకోవచ్చు. రోజూ తూకం వేసుకుంటూ కూర్చోలేం కదా. దానికొక ఉపాయం వుంది. మీ నెలసరుకుల చీటీ తీయండి. బియ్యం బస్తా పాతిక కిలోలు వ్రాసి వుంటే, కంది, పెసర, మినప, శనగ, బొబ్బర్లు అన్నీ కలిపి ఎనిమిది కిలోలుండాలి. గోధుమపిండి కూడా కొంటే మరో కిలోన్నర. చాలా చీటీల్లో కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు ఒకటి, తక్కినవి అరకిలో చొప్పున వుంటాయి. పిల్లాడి ఎత్తు గోడ మీద గీతలు గీసి కొలుస్తాం గాని, ఈ చీటీ మీదా ఒక గీత గీయాలని మనకు తోచదు.

ఖర్చు పెరుగుతుందంటారు. నిజమే, కందిపప్పు ఎప్పుడు ఎక్కి కూర్చుంటుందో తెలియదు. 2015లో కిలో రెండు వందల దాకా వెళ్ళింది, మరచిపోయారా? అందుకే అంతా కందిపప్పు మీదే ఆనుకోకూడదు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనందరికీ గర్వమే, దాని రుచి దానిదే. కాని పెసలు, శనగలు, బొబ్బర్లు, ఉలవలు దానికేమీ తీసిపోవు. ఉలవల్లోనూ నూటికి 21 గ్రాముల పైనే వున్నాయి. బియ్యం ఒక అయిదు కిలోలు తగ్గించి ఆ డబ్బు పప్పుల మీద పెడితే చీటీ మొత్తం పెద్దగా మారదు.

ఇక వంటింట్లోకి వద్దాం. టిఫిన్ దగ్గర మొదలుపెట్టండి, అక్కడే మార్పు తేలిక. దోశ పోసే రోజుల్లో వారానికి రెండు రోజులు పెసరట్టు పొయ్యండి. మనిషికి యాభై గ్రాముల పెసలు పడితే పదకొండు గ్రాములు అక్కడే వచ్చేస్తాయి. ఉప్మా పెసరట్టు అంటే ఇంటాయన కూడా అడ్డు చెప్పరు. ఇడ్లీ పిండికి మినప్పప్పు ఒకటికి రవ్వ మూడు వేసే వాళ్ళు రెండు వేసి చూడండి. ఉత్త బొంబాయి రవ్వ ఉప్మా చేసిన రోజున పోపులో శనగపప్పు, పల్లీలు ధారాళంగా వేసి, ప్రక్కన పుట్నాల చట్నీ గట్టిగా చెయ్యండి. కొబ్బరి చట్నీ రుచే గాని, మాంసకృత్తుల లెక్కలో దానికి చోటు తక్కువ.

ఆఫీసులకు వెళ్ళే పిల్లలతోనే పెద్ద చిక్కు. పొద్దున ఏమీ తినరు, మధ్యాహ్నం ఫోనులో నూడిల్సో ఫ్రైడ్‌రైసో తెప్పించుకుంటారు, రోజంతా కుర్చీలోనే. హైదరాబాదులో ఐ.టి. ఉద్యోగుల మీద పోషకాహార సంస్థవారు చేసిన పరిశీలన 2023లో వెలువడింది. ఇంచుమించు ప్రతి ముగ్గురిలో ఒకరికి నడుము కొలత, రక్తపోటు, చక్కెర, కొవ్వుల వంటి వాటిలో కనీసం మూడు హద్దు దాటి వున్నాయని తేలింది. పాతికేళ్ళకూ ముప్ఫై ఏళ్ళకూ! క్యారియరులో పెద్ద గిన్నె అన్నానికీ చిన్న గిన్నె పప్పుకీ ఇస్తాం కదా. ఆ రెండు గిన్నెలూ ఒకసారి తారుమారు చేసి పంపండి. మొదటి రోజు సణుగుతారు. నాలుగో రోజుకు అలవాటు పడతారు.

సాయంత్రం చిరుతిండికి మన ప్రాంతంలో గుడాలు వున్నాయి, కోస్తా వారు గుగ్గిళ్ళంటారు. శనగలో, బొబ్బర్లో రాత్రి నానబోసి ఉదయం కుక్కరులో ఉడికించి వుంచుకుంటే, పిల్లలు వచ్చే వేళకు పోపు వేసి ఉల్లిపాయ, నిమ్మరసం తగిలించడమే. నవరాత్రుల్లో మాత్రమే శనగలు గుర్తుకు రావాలా? నిమ్మరసం వట్టి రుచికే కాదు, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా సాయపడుతుంది. పనిలో పని, మొలకల సంగతి. మొలకెత్తిస్తే మాంసకృత్తులు రెట్టింపవుతాయని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ కావు. సి విటమిన్ పెరుగుతుంది, అరగడం తేలికవుతుంది. అందుకోసం తినండి.

పప్పు తింటే వాతం, కడుపుబ్బరం అనేవారు ఒక్కసారిగా పెంచకండి. వారానికి కొంచెం చొప్పున పెంచండి. శనగలు, బొబ్బర్ల వంటి గింజలు బాగా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి, మంచినీళ్ళతో మెత్తగా ఉడికించండి. ఇంగువ, అల్లం, జీలకర్ర పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయవద్దు. త్వరగా ఉడుకుతుందని వంటసోడా వేసే అలవాటుంటే మానండి, బి విటమిన్ నశిస్తుంది. కుక్కరుండగా సోడా ఎందుకు?

పప్పు తినని పిల్లలకు పొడుల రూపంలో పెట్టవచ్చు. కందిపొడి, పల్లీపొడి, పుట్నాలపొడి, మూడింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ సీసాలో వుంచుకోండి. చపాతీ పిండి నాలుగు పాళ్ళకు ఒక పాలు శనగపిండి కలిపితే ఎవరికీ తెలియను కూడా తెలియదు. పాలు విరిగిపోతే విచారించకుండా గుడ్డలో వడకట్టి పన్నీరు చేసుకోండి, ఆ నీళ్ళతో పిండి తడపండి. మీల్‌మేకర్ అని అమ్మే సోయా ఉండలలో సగం బరువు మాంసకృత్తులే. ఎండువి ఇరవై గ్రాములు తూచుకుంటే పది గ్రాములు వచ్చినట్టు. వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్ళీ కడిగి పిండితే ఆ పచ్చివాసన పోతుంది. తరువాత మసాలా కూరగా చేసినా, పులావులో వేసినా బాగుంటుంది.

గుడ్డు తినే ఇళ్ళల్లో పచ్చసొన తీసి పారేసే ఫాషను ఒకటి వచ్చింది. పచ్చసొనలోనూ మాంసకృత్తులున్నాయి, విటమిన్లు చాలా భాగం అక్కడే వున్నాయి. డాక్టరు వద్దన్నవారు తప్ప తక్కినవారు గుడ్డు మొత్తం తినవచ్చు. చేప తినేవారికి వేరే చెప్పేదేముంది, చిన్న చేపలైనా పెద్ద చేపలైనా మేలే. వేపుడు తగ్గించి పులుసు చేసుకోండి.

బజారులో ప్రోటీన్ అని పెద్ద అక్షరాలతో అమ్మే బిస్కట్లూ, పాలలో కలిపే మాల్టు పొడులూ కొనేముందు డబ్బా వెనక్కు త్రిప్పండి. అక్కడ వ్రాసే అంకె చాలాసార్లు నూరు గ్రాములకు వుంటుంది. మనం కలిపేది రెండు చెంచాలు. నూటికి చక్కెర ఎంతో కూడా ఆ ప్రక్కనే వుంటుంది. ఆ రెండంకెలూ చూశాక కొనాలనిపిస్తే మీ ఇష్టం.

ఇంట్లో ముసలివారున్నారా? "ఈ వయసులో నాకు పప్పు అరగదమ్మా, ఇంత మజ్జిగన్నం చాలు" అంటారు అత్తగారు. అలా మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటూ పోతే కండ కరిగి, లేచి నిలబడడానికే చెయ్యి కావలసి వస్తుంది. పళ్ళు లేకపోతే పెసరపప్పు మెత్తగా ఉడికించి అన్నంలో మెదిపి పెట్టండి, గట్టి పెరుగు వేయండి, తినేవారైతే ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టండి. గర్భిణికి నాలుగో నెల నుంచి మామూలు కంటె రోజుకు సుమారు పది గ్రాములు, చివరి మూడు నెలల్లో 22 గ్రాములు ఎక్కువ కావాలి. బాలింతకు మొదటి ఆరు నెలలూ 17 గ్రాములు ఎక్కువ. పథ్యం పేరుతో బాలింతకు పప్పు మాన్పించే ఇళ్ళు ఇంకా వున్నాయి. సరిగ్గా పప్పు కావలసిన రోజుల్లో మాన్పించడమేమిటి? ఇక మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం నేను చెప్పిన ఈ లెక్కలేవీ పట్టించుకోవద్దు, వారి డాక్టరు చెప్పినంతే తినాలి.

చివరగా ఒక వంటకం చెబుతాను, వ్రాసుకోండి. ఇది నాది కాదు. తార్నాక సంస్థవారు, తిండి చాలక చిక్కిపోయిన పిల్లల కోసం ఎప్పుడో తయారు చేసినది. దీనికి హైదరాబాద్ మిక్స్ అని మన ఊరి పేరే పెట్టారు. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16 గ్రాములు, పల్లీలు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొత్తం 86 గ్రాములు. ఇందులో 330 కాలరీలు, పదకొండు గ్రాముల పైన మాంసకృత్తులు వున్నాయి. గోధుమలు, శనగలు, పల్లీలు విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు తీసి, చల్లారాక పొడి కొట్టి, బెల్లం తరుగు కలపడమే. వేయించడంలో తొందరపడకండి, గోధుమ పచ్చిగా వుంటే గొంతు పట్టుకుంటుంది. పిల్లలకైతే పాలలో జావలా కలిపి ఇవ్వండి. మన వయసు వారు, చక్కెర జబ్బున్నవారు బెల్లం మానేసి ఉప్పూ జీలకర్రా వేసి మజ్జిగలో కలుపుకోవచ్చు. ఒంటరిగా గదిలో వుండి ఉద్యోగం చేసుకునే పిల్లలున్న తల్లులు ఒక కిలో చేసి పంపండి, పొద్దున ఏమీ తినకుండా బయలుదేరే వారికి రెండు నిమిషాల పని. పల్లీలున్నాయి కనుక గాలి చొరని డబ్బాలో పోసి, పదిహేను రోజులకు మించి నిలవ వుంచకండి. నూనె వాసన వస్తే పారెయ్యండి.